చెమట వేరు, కేలరీలు వేరు
పల్చటి బట్టలతో ఊరికే కూర్చుంటే చుట్టూ గాలి సుమారు 25–30 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఒంటి వేడి నిలుపుకోడానికి అదనపు కేలరీల ఖర్చుండదు. అంతకన్నా చల్లబడి, గట్టిగా వణికితే ఖర్చు మూడు నాలుగు రెట్లవుతుంది. దుప్పటి కప్పారా, ఆ లెక్క పోయినట్టే.

ఎండాకాలం సంగతి వేరు. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. అది వేడి మాత్రమే, కరిగిన కొవ్వు కాదు. కళింగపట్నం తీరం ఉక్కలో చెమట కారుతుందే గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు.

నడకకు ముందూ తర్వాతా ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయినట్టు. ఉప్పేసిన చోడి (రాగి) అంబలో, మజ్జిగో కొద్దికొద్దిగా తాగండి. మే నెలలో ఉదయం ఆరున్నరలోపే నడక ముగించండి. ఎండెక్కాక అడుగు నెమ్మదించి, ఖర్చయ్యే కేలరీలూ తగ్గుతాయి.