చిన్న పిస్టల్‌ను బేరీజు వేయడం – నాలుగో పాఠం: దాచేదీ పిడే, పట్టేదీ పిడే

కిందటి పాఠంలో ఇచ్చిన పని ఇప్పటికి అలవాటై ఉండాలి. తుపాకీ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల పెట్టె) తీసేయడం, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) వెనక్కి లాగి అక్కడే నిలపడం, చాంబర్‌లోకి (పేలబోయే తూటా కూర్చునే చోటులోకి) తొంగి చూడటం, ఆ పైన చిటికెన వేలి కొసతో తడిమి చూడటం. చివరి భాగం తప్ప ఈ పాఠమంతా ఖాళీ తుపాకీతో, డమ్మీ తూటాలతో చేసేదే. అసలు తూటాలను మరో గదిలో పెట్టి తలుపు వేసి రండి. తుపాకీ ఉంచుకునే లైసెన్సు వేరు, దాన్ని బట్టల మాటున వెంట తీసుకెళ్ళే అనుమతి వేరు అని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం. ఆ రెండోది లేనివారికి ఈ పాఠంతో పని లేదు.

ఇవాళ్టి ప్రశ్న ఒక్కటే: పిస్టల్‌ను చిన్నది చేసినప్పుడు ఎక్కడ కోత పెట్టారు?

కొనబోయేవారు సాధారణంగా రెండు పిస్టళ్ళను బల్ల మీద పక్కపక్కన పెట్టి గొట్టాల పొడవు పోలుస్తారు. పొట్టి గొట్టం ఉన్నది దాచడానికి సులువనుకుంటారు. నేనూ అలాగే అనుకుని మొదటి పిస్టల్ కొన్నాను. తీరా నడుముకు పెట్టుకుంటే, గొట్టం ప్యాంటు లోపలికి దిగిపోయింది; ఎంత పొడవున్నా దాని ఊసే ఎవరికీ తెలియదు. బయటికి పొడుచుకొచ్చింది పిడి. పైగా గొట్టం మరీ పొట్టిదైతే బెల్టు కింద ఆనే భాగం తగ్గి, పిడి ఒంటికి దూరంగా వాలుతుంది. గొట్టం కాస్త పొడవున్నదే బుద్ధిగా ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుంది.

మరి పొట్టి గొట్టంతో గురి దెబ్బతినదా? లెక్క వేసి చూద్దాం. గురి చూడటానికి పిస్టల్ పైన ముందొకటి, వెనకొకటి ఉండే గుర్తులే సైట్లు. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం ఒక పిస్టల్‌లో 130 మిల్లీమీటర్లు, మరోదానిలో 150 అనుకోండి. రెండు సైట్ల వరుసలో ఒక మిల్లీమీటరు తేడా వస్తే, 7 మీటర్ల దూరంలో మొదటిది సుమారు 54 మిల్లీమీటర్లు తప్పుతుంది, రెండోది సుమారు 47. తేడా 7 మిల్లీమీటర్లు, చిటికెన వేలి మందం కూడా లేదు. గొట్టం మీద ఇంత చర్చ అనవసరం.

అసలు చిక్కు పిడి దగ్గర. దాచడానికి అడ్డొచ్చేది అదే, కాల్చేటప్పుడు ఆధారమూ అదే. దాన్ని ఎంత తగ్గిస్తే దాచడం అంత సులువు, పట్టుకోవడం అంత కష్టం. తయారీదారులు ముప్పై ఏళ్ళుగా కుస్తీ పడుతున్నది దీనితోనే. 1988లో వచ్చిన గ్లాక్ 19లో 15 తూటాలు రెండు వరుసల్లో పడతాయి, పిడి లావు. 2015లో వచ్చిన గ్లాక్ 43లో ఒకటే వరుస. పిడి సన్నబడింది, తూటాలు ఆరుకు తగ్గాయి. 2018లో వచ్చిన సిగ్ పీ365లో మ్యాగజైన్‌ను ఒక వరుసకూ రెండు వరుసలకూ మధ్యస్థంగా మలిచి, దాదాపు అంతే సన్నని పిడిలో పది తూటాలు ఇమిడ్చారు. ఆ తరువాత మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి.

ఇప్పుడు ఖాళీ పిస్టల్‌ను చేతిలోకి తీసుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే సందు పిడి పైభాగానికి గట్టిగా ఆనాలి. మధ్యవేలు, ఉంగరపు వేలు పిడిని చుట్టుకున్నాయా? చిటికెన వేలు ఎక్కడుంది? చిన్న పిస్టళ్ళలో అది తరచు మ్యాగజైన్ అడుగు దాటి గాలిలో వేలాడుతుంది. అడుగున ముక్కు లాంటి పొడిగింపు ఉన్న మ్యాగజైన్ పెట్టి మళ్ళీ పట్టుకోండి. తేడా అరచేతికే తెలుస్తుంది. అయితే ఆ పొడిగింపు కూడా చొక్కా కింద పొడుచుకొచ్చేదే కాబట్టి దాన్ని పెట్టాకే అద్దం ముందు నిలబడాలి.

అద్దం పరీక్షలో నిటారుగా నిలబడి మురిసిపోతే లాభం లేదు. వంగి బూటు లేసు కట్టండి, పై అరలోని డబ్బా అందుకోండి, కుర్చీలో కూర్చుని లేవండి. వంగినప్పుడు చొక్కా వీపు మీద బిగుసుకుని పిడి అడుగు మూల గుడారపు కర్రలా లేస్తే, అక్కడే మీ కొలత దొరికినట్టు. హోల్స్టర్‌ను, అంటే నడుముకు పిస్టల్ పెట్టుకునే ఒరను, కాస్త ముందుకో వెనక్కో జరిపి మళ్ళీ వంగండి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పని హోల్స్టర్‌తో ఈ పరీక్ష కూడా చేయవద్దు. ఖాళీ తుపాకీతో చేసిన అలవాటే రేపు నిండు తుపాకీతోనూ వస్తుంది.

ఇక బరువు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు తేలికైన పిస్టల్ గట్టిగా తంతుంది. తొమ్మిది మిల్లీమీటర్ల తూటాలోంచి 7.5 గ్రాముల బుల్లెట్ సెకనుకు 350 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుందాం. మందుపొడి మండి వచ్చే వాయువును పక్కన పెట్టినా, అరకిలో పిస్టల్ సెకనుకు 5 మీటర్ల పైచిలుకు వేగంతో వెనక్కి వస్తుంది. 850 గ్రాములదైతే 3 మీటర్లు. మీ చేయి ఆపవలసిన శక్తి మొదటిదానిలో దాదాపు 7 జౌళ్ళు, రెండోదానిలో 4. బుల్లెట్ అదే, చేయి అదే. రోజంతా నడుముకు మిగిల్చిన 350 గ్రాముల బరువుకు ప్రతి తూటాకూ మణికట్టు బాకీ తీరుస్తుంది. ఆ బాకీకి భయపడి అభ్యాసం మానేసినవారిని నేను చూశాను. పిస్టల్ బీరువాలో కొత్తగానే ఉంది.

అలాంటివారు .380 అనే చిన్న రకం తూటా వాడే పిస్టళ్ళ వైపు చూడవచ్చు. ఆ తూటా బలం తక్కువ కాబట్టి తన్నూ తక్కువే అనుకుంటాం. గొట్టం స్లైడుతో లంకె పడి, కాల్చాక వాలి విడిపోయే పద్ధతిలో అది నిజమే. 1931 నాటి వాల్తర్ పీపీకే లాంటివాటిలో అలాంటి లంకె లేదు. స్లైడు బరువూ స్ప్రింగూ మాత్రమే పేలుడును ఆపాలి. అవి ఆ పరిమాణానికి అనుకున్నదానికన్నా కటువుగా తంతాయి, స్లైడ్ లాగడమూ కష్టమే. కొనేముందు ఇరవైసార్లు వరసగా లాగి చూడండి. ఇరవయ్యోసారీ వేళ్ళు జారకూడదు.

ట్రిగ్గర్ గురించి ఒక అభ్యాసం చాలు. చాంబర్ మళ్ళీ చూసుకుని, తుపాకీని భద్రమైన గోడ వైపు పెట్టి, స్లైడు మీద ముందు సైటు దగ్గర ఒక నాణెం నిలపమని పక్కవారిని అడగండి. ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. నాణెం పడిపోతే చేయి కదిలినట్టే. వరసగా పదిసార్లు పడకుండా నొక్కగలిగే పిస్టల్ మీకు సరిపోయేది, ట్రిగ్గర్ బరువు కాగితం మీద ఎంత రాసి ఉన్నా.

చివరి పరీక్ష ఫైరింగ్ రేంజిలో, శిక్షకుడి సమక్షంలో, కళ్ళజోడు, చెవి కప్పులు పెట్టుకుని చేయాలి. ముందుగా ప్రతి మ్యాగజైన్ అడుగునా పెయింటుతో ఒక అంకె వేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, నా పిస్టల్ నలభయ్యో తూటా దగ్గర ఖాళీ తొడుగును బయటికి విసరలేక నోట కరచుకుని నిలబడినప్పుడు, రెండు వారాలు పిస్టల్‌నే తిట్టుకున్నాను. అంకెలు వేశాక తెలిసింది, ప్రతిసారీ ఆగింది రెండో మ్యాగజైన్‌తోనే. మణికట్టు వదులుగా పట్టినా ఇదే జరుగుతుంది. స్లైడుతో పాటు తుపాకీ అంతా వెనక్కి వస్తే స్లైడు తన ప్రయాణం పూర్తి చేయదు. కాబట్టి ఎడమ చేత్తోనూ, ఒంటి చేత్తోనూ కొన్ని కాల్చండి. ఆగడం అక్కడే బయటపడుతుంది.

మొత్తం రెండు వందల తూటాలు కాల్చడం ఆనవాయితీ, అందులో కనీసం యాభై మీరు వెంట ఉంచుకోబోయే రకానివే. రెండు వందల్లో ఒక్కటీ ఆగకపోయినా, నూటికి ఒకటిన్నర లోపు ఆగవచ్చన్న సందేహాన్ని గణితం కొట్టిపారేయదు. నేను అయిదు వందల దాకా వెళ్తాను, ఖర్చు భరించగలిగితే.

వచ్చే పాఠానికి ఒక కాగితం మీద ఇవి రాసుకుని ఉంచండి: పొడిగింపుతో, పొడిగింపు లేకుండా మీ చిటికెన వేలు ఎక్కడుందో, వంగినప్పుడు పిడి ఏ మూల లేచిందో, ఏ అంకె మ్యాగజైన్ ఎన్నో తూటా దగ్గర ఆగిందో. హోల్స్టర్ ఎంపిక ఆ రెండో జవాబు నుంచే మొదలుపెడదాం.