ఎయిర్ రైఫిల్ బట్ సరిపోయిందా?
అమలాపురంలోనో భీమవరంలోనో పిల్లలకి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పించే అమ్మానాన్నలకి ఒక్కమాటండి. గురి కుదరట్లేదని పిల్లాణ్ణి కేకలేసే ముందు బట్, అంటే రైఫిల్లో భుజానికి ఆనే వెనక భాగం, చూడండి.

లోపల గుండు లేదని చూసుకుని, గొట్టం టార్గెట్ వైపే ఉంచి, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఆనించమనండి. చెంప హాయిగా ఆనాక కళ్లు తెరిస్తే, మెడ కదపకుండానే వెనక సైటు (గురి చూసే అమరిక) రంధ్రం నడిమధ్యన ముందు సైటు కనబడాలి. పైకో కిందకో జరిగితే చెంప ఆనే దిమ్మ ఎత్తు మార్చాలి. మెడ ముందుకి సాగుతుంటే బట్ పొడవెక్కువ, ముఖం సైటుకి మరీ దగ్గరైతే తక్కువ. బట్‌ని మోచేతి మడతలో పెట్టి పొడవు కొలిచేది ఒట్టి ఉజ్జాయింపేనండి.

ఇదంతా షూటింగ్ జాకెట్ వేసుకునే చూడాలి. మన ఉక్కకి తీసేసి కొలిస్తే, ఆ మందానికే లెక్క తప్పుతుంది.