బుల్లెట్ల వానలో ఒక్క కాయిన్‌తో ఆడడం ఎలా?

బుల్లెట్ హెల్ అనే షూటింగ్ గేముల్లో స్క్రీన్ నిండా గులాబీ రంగు బుల్లెట్లు చూసి, ఇది మనుషులు ఆడే గేమేనా అని రెండో నిమిషంలోనే కట్టేసేవాళ్లు చాలామంది. నిజానికి కంటికి కనిపించేంత కష్టం కాదు. 1993లో టోప్లాన్ అనే జపాన్ కంపెనీ తీసిన బట్సుగున్ గేమ్‌తో ఈ రకం ఊపందుకుంది, ఆ కంపెనీ మూతపడ్డాక అక్కడివాళ్లు కొందరు 1994లో పెట్టిన కేవ్ అనే కంపెనీ దీన్ని ఎక్కడికో తీసుకెళ్లింది. కొత్తవాళ్లకి నేను చెప్పేది కేవ్ వాళ్ల 2004 గేమ్ ముషిహిమేసామా. పీసీ గేములు అమ్మే స్టీమ్‌లోనూ, నింటెండో స్విచ్ కన్సోల్‌లోనూ ఉంది.

మొదటి పని: టీవీలో ఆడుతుంటే టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. బటన్ నొక్కాక మీరు నడిపేది ఆలస్యంగా కదిలితే ఎంత సాధన చేసినా దండగే.

తర్వాత గేమ్‌లో కొత్తవాళ్ల కోసం ఉన్న నోవిస్ మోడ్ ఎంచుకోండి, ఇందులో మొహమాటం ఏమీ లేదు. అది అలవాటయ్యాక ఒరిజినల్‌కి వెళ్లండి. అన్నిటికంటే కష్టమైన అల్ట్రా జోలికి ఇప్పుడే వద్దు.

ఇక అసలు విషయం. మీరు నడిపేది బంగారు రంగు పురుగుని, మన కొబ్బరి తోటల్లో కనిపించే కొమ్ము పురుగు లాంటిది, దాని మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంటుంది. రెక్కల మీదుగా బుల్లెట్ వెళ్లినా ఏమీ కాదు, మధ్యలో ఉన్న చిన్న చోట తగిలితేనే ప్రాణం పోతుంది. కాబట్టి కళ్లు శత్రువుల మీద కాదు, మీ పురుగు చుట్టూ, దానికి కాస్త పైన ఉంచండి. ఫైర్ బటన్ నొక్కి పట్టుకుంటే కదలిక నెమ్మదిస్తుంది, ఇరుకు సందుల్లోంచి వెళ్లాల్సినప్పుడు అదే పనికొస్తుంది.

చాలా బుల్లెట్లు మీరున్న చోటికే గురిపెట్టి వస్తాయి. ఇది తెలియక కొత్తవాళ్లు కంగారుగా అటూ ఇటూ పరిగెడతారు, దాంతో స్క్రీన్ అంతా బుల్లెట్లే చెల్లాచెదురైపోతాయి. స్క్రీన్ ఎడమ మూల నుంచి మొదలుపెట్టి కుడివైపు కదిలే బటన్‌ని టక్, టక్‌మని తాకుతూ పిసరంత పిసరంత కుడికి జరగండి, బుల్లెట్లన్నీ ఒక వరసలో మీ వెనకే పడతాయి. కుడి అంచు దగ్గరికి రాగానే వరసలో ఖాళీ చూసుకుని ఒక్కసారిగా ఎడమకి దాటేయండి. ఇది మొదటిసారి కుదిరినప్పుడు వచ్చే ఆనందం కోసమే నేను ఇన్నేళ్లుగా ఈ గేములు ఆడుతున్నాను.

చుట్టూ ఉన్న బుల్లెట్లని తుడిచేసే బాంబులు మీకు కొన్ని ఉంటాయి, వాటిని దాచుకోవద్దు! బాంబులు చేతిలో ఉండగానే చచ్చిపోవడమే పెద్ద నష్టం. "ఇరుక్కున్నాను" అనిపించగానే వేసేయండి, తప్పించుకోగలనేమో చూద్దాం అనుకునే లోపే ఆలస్యమైపోతుంది.

చివరిది, ప్రాణాలన్నీ పోయాక ఆగిన చోటి నుంచే మళ్లీ ఆడించే కంటిన్యూ నొక్కకండి. జపాన్ ఆర్కేడ్‌లలో, అంటే గేమ్ సెంటర్లలో, మెషిన్‌లో 100 యెన్ నాణెం వేసి, ఆ ఒక్కదానితోనే చివరిదాకా వెళ్లాలని ఆడతారు, ఈ గేములు కట్టింది కూడా ఆ లెక్కలోనే. కంటిన్యూలతో అరగంటలో ఐదు స్టేజీలూ చూసేయొచ్చు గానీ చేతికి ఏమీ రాదు. ప్రాణాలు అయిపోతే మొదటి స్టేజీకే రండి. ఎక్కడ పోతున్నారో ఆ స్టేజీని ట్రైనింగ్ మోడ్‌లో విడిగా నాలుగైదుసార్లు ఆడి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. రోజుకి అరగంట చాలు, వేళ్లు నొప్పెడితే ఆపేయండి.