విదేశాంగ వార్తల్లో పత్రిక మొగ్గును పసిగట్టడం ఎలా?

మన వీధిలో రోడ్డు వేశారని పత్రిక రాస్తే, గడప దాటి చూస్తే నిజం తెలిసిపోతుంది. న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితిలో జరిగిన ఓటింగ్‌ను అలా చూసి రాలేం. అందుకే పత్రిక మొగ్గు విదేశాంగ వార్తల్లో అంత సులువుగా చెల్లిపోతుంది.

హైదరాబాద్‌లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, ఒకే విదేశాంగ వార్తను రెండు తెలుగు పత్రికల్లో, ఒక ఇంగ్లీషు పత్రికలో చదవండి. ఉర్దూ వచ్చినవారు సియాసత్ కూడా తీసుకోండి. సంపాదకీయాన్ని చివరికి ఉంచండి. అది తన అభిప్రాయమని పత్రికే ఒప్పుకుంటుంది. అసలు జాగ్రత్త మొదటి పేజీ వార్త దగ్గర అవసరం.

ముందుగా పెన్సిలుతో క్రియల కింద గీత గీయండి. విదేశీ వార్తలు ఎక్కువగా వార్తా ఏజెన్సీల నుంచి ఇంగ్లీషులో వస్తాయి. వాటిని అనువదించేటప్పుడు ఒకే మాట ఒకచోట ‘అన్నారు’, మరోచోట ‘స్పష్టం చేశారు’, ఇంకోచోట ‘బుకాయించారు’ అవుతుంది. ఆ ఒక్క క్రియతోనే తీర్పు వెలువడుతుంది. తర్వాత ‘దాయాది’, ‘డ్రాగన్’ వంటి మాటలు కొట్టేసి పాకిస్థాన్, చైనా అని రాసుకొని మళ్లీ చదవండి. వార్తలో ఎంత సమాచారం మిగిలిందో చూడండి.

2022 మార్చి 2న ఉక్రెయిన్‌పై రష్యా దాడిని గర్హించే ఐరాస సర్వసభ్య సభ తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా ఓటు వేశాయి. భారత్ సహా 35 దేశాలు ఏ పక్షానికీ ఓటు వేయలేదు. దీనికి ‘గైర్హాజరు’ అని శీర్షిక పెడితే తప్పు. మన ప్రతినిధి సభలోనే ఉండి కారణం వివరించారు. ‘తటస్థం’ అంటే మన విధానానికి పేరు పెట్టినట్టు. ‘ఓటింగ్‌కు దూరం’ అన్నదే జరిగినదానికి దగ్గర. ఆ వివరణలో మన విద్యార్థులను సురక్షితంగా రప్పించాలన్న ఆందోళనతో పాటు, దేశాల సార్వభౌమత్వాన్ని గౌరవించాలన్న మాట కూడా ఉంది. మీ పత్రిక ఏది వేసింది, ఏది వదిలేసింది? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే మూలపాఠం చదవాల్సిందే. విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ప్రకటనలు పూర్తి పాఠంతో ఉంటాయి.

అంకె కనిపిస్తే, అది ఎవరు చెప్పారో వెతకండి. 2019 ఫిబ్రవరి 26న పాకిస్థాన్‌లోని బాలాకోట్‌పై మన వైమానిక దాడి గురించి విదేశాంగ కార్యదర్శి విజయ్ గోఖలే ఉగ్రవాదులు ‘పెద్ద సంఖ్యలో’ హతమయ్యారన్నారు తప్ప అంకె చెప్పలేదు. పత్రికల్లో కనిపించిన వందల లెక్కలు ‘వర్గాల’ పేరుతో వచ్చినవే. పేరులేని వర్గాల మాటను పెన్సిలుతో చుట్టి పక్కన పెట్టండి.

మరుసటి రోజు పత్రికనూ వదలకండి. 2025 సెప్టెంబరు 19న అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, అది ఏటా కట్టాలని అమెరికా వాణిజ్య మంత్రి చెప్పారు. మర్నాడు శ్వేతసౌధం అది ఒక్కసారే, కొత్త దరఖాస్తులకే అని వివరించింది. పిల్లలు అమెరికాలో ఉన్న హైదరాబాద్ ఇళ్లకు ఆ రెండో వార్తే ముఖ్యం. భయపెట్టిన వార్తకు ఇచ్చినంత చోటు దానికీ ఇచ్చారా అని కొలిచి చూడండి.

తప్పు దొరికితే తేదీ, పేజీ, వాక్యం పేర్కొంటూ ముందు సంపాదకుడికి లేఖ రాయండి. దిద్దకపోతే ఆ లేఖ నకలు, పత్రిక కత్తిరింపు జతచేసి ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రికల విషయంలో ప్రచురించిన రెండు నెలల్లోపు అది చేరాలి.