పోలీసు సోదా, మన హద్దులు – 3వ పాఠం: పంచనామా చదవడం

ముందు పోయిన పాఠం ప్రశ్న. వారంటు లేకుండా ఇంటికొచ్చిన ఎస్సైని మొదట ఏమడగాలి? "వారంటు ఏదీ?" అని రాసుకున్నవాళ్లు దాన్ని కొట్టేయండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. దాని 185వ సెక్షన్ కింద దర్యాప్తు అధికారి వారంటు లేకుండా కూడా సోదా చేయొచ్చు. కాకపోతే ఆ వస్తువు అక్కడుందని ఎందుకు నమ్ముతున్నారో, దేనికోసం వెతకబోతున్నారో ముందే కాగితం మీద పెట్టి ఉండాలి. అందుకే అడగాల్సిన మాట ఇది: "ఏ క్రైమ్ నంబరు సార్? దేనికోసం చూస్తున్నరు?" జవాబును అక్కడికక్కడే రాసుకోండి.

ఈ పాఠమంతా ఒక్క కాగితం గురించే. సోదా ముగిసి జీపు వెళ్లిపోయాక మన చేతిలో మిగిలేది అదే. సోదాలో ఏమేం దొరికాయో, ఏమేం తీసుకెళ్లారో రాసి, పంచులు (చూసిన సాక్షులు) సంతకం పెట్టే జాబితా అది. మన దగ్గర పంచనామా అంటారు, ఆంధ్రా వైపు మధ్యవర్తుల రిపోర్టు అంటారు.

నాంపల్లి కోర్టులో నా దగ్గరికి ఒకసారి మొబైల్ రిపేర్ కొట్టు నడుపుకునే ఆయన వచ్చాడు. దొంగ ఫోన్లు కొన్నాడన్న అనుమానంతో కొట్టు సోదా చేసి ఫోన్లు తీసుకెళ్లారు. పంచనామాలో వాటి గురించి ఉన్నది ఒకే ఒక్క లైను: "వివిధ కంపెనీల పాత సెల్‌ఫోన్లు 14." అందులో పదకొండు రిపేరుకు ఇచ్చిన కస్టమర్లవి. పొద్దున షట్టర్ ఎత్తేసరికి వాళ్లు వచ్చి నిలబడేవాళ్లు. "నా ఫోన్ నాకియ్యన్నా, అందులో మా నాయన ఫొటోలున్నయి" అని ఒకమ్మాయి రోజూ వచ్చేదట. అదే సంహిత 503వ సెక్షన్ కింద వాటిని తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేశాం. పద్నాలుగింటిలో ఏది ఎవరిదో ఆ కాగితాన్ని చూసి ఎవరూ చెప్పలేకపోయారు. రసీదు పుస్తకం, స్టేషన్‌లో ఉన్న ఫోన్లు పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటి సరిచూసేసరికి మూడు నెలలు పట్టింది.

అదే లైను ఇలా రాసి ఉంటే చూడండి: "శాంసంగ్ ఫోన్, నలుపు రంగు, డిస్‌ప్లే కుడి పైమూల పగిలింది, వెనక సీతాకోకచిలుక స్టిక్కరు, సిమ్ లేదు, స్విచాఫ్, కౌంటర్ కింద రెండో సొరుగులో దొరికింది." దీని పక్కన 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు. ఫోన్ ఆన్‌లో ఉంటే స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే ఆ నంబరు తెర మీద కనిపిస్తుంది. స్విచాఫ్‌లో ఉంటే డబ్బా మీదో బిల్లు మీదో చూడాలి. ఇలా రాసిన ఫోన్‌ను ఎవరూ మార్చలేరు, తర్వాత ఇంకోటి తెచ్చి కలపనూ లేరు. నగల విషయమూ అంతే. "బంగారు గొలుసు 1" అంటే చాలదు, తూకం ఉండాలి. నగదైతే ఏ నోటు ఎన్నో రాయించండి.

ఇక కాగితాన్ని పైనుంచి చదువుకుంటూ రండి. సోదా ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ముగిసింది అన్నది మీ గడియారంతో సరిపోవాలి. తర్వాత పంచులు. 103వ సెక్షన్ ప్రకారం ఆ ప్రాంతంలో ఉండే, కేసుతో సంబంధం లేని, పెద్దమనుషులనిపించుకున్న వాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి. అక్కడ దొరక్కపోతేనో, ఎవరూ ఒప్పుకోకపోతేనో వేరే ప్రాంతం వాళ్లను పిలవొచ్చు. వాళ్లను సోదా మొదలుపెట్టక ముందే పిలవాలి. అంతా అయ్యాక వచ్చి సంతకం మాత్రం పెట్టిన మనిషి ఏమి చూసినట్టు? పక్క ఫ్లాటువాళ్లు పంచుగా ఉండమంటే జంకుతారు, అది అర్థం చేసుకోదగ్గదే. కానీ రాతపూర్వకంగా పిలిచాక సరైన కారణం లేకుండా కాదనడం నేరం. సమన్లు వస్తే తప్ప కోర్టుకు తిరగాల్సిన పని కూడా లేదు. ఈ మాట మీ పక్కింటివాళ్లకు ఇవాళే చెప్పిపెట్టండి.

సోదా జరిగినంతసేపు ఇంటివాళ్లు, లేదా వాళ్ల తరఫున ఒకరు దగ్గరుండి చూడొచ్చు. పంచులు సంతకం చేసిన జాబితా నకలు ఇంటివాళ్లకు ఇవ్వాలి. ఆడవాళ్ల ఒంటిమీద సోదా చేయాల్సి వస్తే మరో ఆడమనిషే, మర్యాదకు లోటు రాకుండా చేయాలి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న 105వ సెక్షన్ మనకు బాగా పనికొస్తుంది. సోదాను, జాబితా రాయడాన్ని, దాని మీద పంచులు సంతకం పెట్టడాన్ని వీడియో తీయాలి, ఆ రికార్డును ఆలస్యం చేయకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. కాబట్టి అభ్యంతరం ఉంటే కెమెరా తిరుగుతుండగానే నిదానంగా, గట్టిగా చెప్పండి: "సార్, ఈ ఫోన్ మీద స్టిక్కరుంది, అది కూడా రాయండి."

చాలామంది ఇరుక్కునేది మాత్రం ఇంకో చోట. జాబితాకు ముందో వెనకో "నేనే ఈ నేరం చేశాను" అన్న కథనం కలిపేస్తారు. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ ప్రకారం పోలీసు ముందు ఒప్పుకున్న నేరం సాక్ష్యం కాదు. ఆ మాటల వల్ల కొత్తగా ఏదైనా బయటపడితే, దానికి సంబంధించినంత వరకే కోర్టు చూస్తుంది. అయినా అది చదవకుండా సంతకం పెట్టకండి. ఖాళీ కాగితం మీదైతే అసలే వద్దు. "జర చదువుకోనియ్యండి సార్" అనడం తప్పు కాదు.

నిజం చెప్పాలి కనుక చెబుతున్నాను: పద్ధతి తప్పిన సోదాలో దొరికింది కూడా మన కోర్టుల్లో సాక్ష్యంగా నిలబడొచ్చు. 1974లో పూరణ్ మల్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే అంది. కానీ అలాంటి సాక్ష్యాన్ని కోర్టు జాగ్రత్తగా పరీక్షించాల్సి ఉంటుందని అంతకుముందు 1963లోనే రాధాకిషన్ కేసులో చెప్పింది. ఆ పరీక్షకు ఆధారం పంచనామాయే. అందుకే తలుపు దగ్గర తోపులాట కన్నా కాగితం మీద మాటే మేలని నేను నమ్ముతాను.

రిపేర్ కొట్టు సంగతికి ఇంకొకటి చేర్చాలి. 2004లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసు పేరులోనే మన ఊరుంది: డిస్ట్రిక్ట్ రిజిస్ట్రార్ అండ్ కలెక్టర్, హైదరాబాద్ వర్సెస్ కెనరా బ్యాంక్. కలెక్టర్ రాసిచ్చిన మనిషి ఎవరైనా వెళ్లి దస్తావేజులు తనిఖీ చేసి తీసుకోవచ్చని స్టాంపుల చట్టానికి అప్పటి రాష్ట్రం సవరణ తెచ్చింది, అది చెల్లదని కోర్టు తేల్చింది. గోప్యత మనిషిదే కాని చోటుది కాదని, కాగితాలు బ్యాంకులో పెట్టినంత మాత్రాన ఖాతాదారు గోప్యత పోదని చెప్పింది. జగదీశ్ మార్కెట్‌లో రిపేరుకిచ్చిన మీ ఫోన్‌కూ అదే న్యాయం వర్తించాలని నా వాదన.

నకలు ఇవ్వలేదా? 185వ సెక్షన్ కింద రాసిన కాగితాల ప్రతులు 48 గంటల లోపల దగ్గరి మేజిస్ట్రేటుకు చేరాలి. ఇంటివాళ్లు దరఖాస్తు పెడితే మేజిస్ట్రేటు ఉచితంగా ప్రతి ఇవ్వాలి. లాయర్‌ను పెట్టుకోలేనివాళ్లు న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

అభ్యాసం: మీ బల్ల మీది మూడు వస్తువులకు పంచనామా రాయండి, ఒకటి ఫోన్ కావాలి. అలాంటి పది వస్తువుల మధ్య వాటిని కలిపేసి, మీరు రాసింది పక్కింటివాళ్ల చేతికిచ్చి ఆ మూడే ఏరమనండి. వేరేది తీస్తే ఏ మాట తగ్గిందో కాగితం కింద రాసి పెట్టుకోండి. ఫోన్ లోపల ఏం చూడొచ్చు అనే నాలుగో పాఠాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడతాం.