ఆఫీసు గోడకు తెలుగు అక్షరాల వినైల్ స్టిక్కర్ అంటించడం ఎలా?

డిజైన్ స్టూడియో గోడ మీద పెద్ద తెలుగు అక్షరాలుంటే గది కళే మారిపోతుంది. అయితే ఆ స్టిక్కర్ ఏళ్ల తరబడి నిలుస్తుందా, వారానికే అంచులు లేస్తాయా అన్నది చాలావరకు గోడే తేలుస్తుంది.

అందుకే ముందు గోడను అరచేత్తో రుద్దండి. చేతికి పొడి అంటితే అది సున్నమో, డిస్టెంపరో. జిగురు ఆ పొడిని పట్టుకుంటుందే తప్ప గోడను కాదు. అలాంటి గోడకు ప్రైమర్, ఎమల్షన్ వేయించాకే స్టిక్కర్. కొత్త పెయింటయితే 3-4 వారాలు ఆగాలి. పైకి ఆరినట్టే ఉన్నా లోపలి నుంచి ఆవిరి వస్తూ స్టిక్కర్ కింద బుడగలు లేపుతుంది. చెమ్మ గోడలు, గరుకు టెక్స్చర్ గోడలు వద్దు. మరకలంటని పెయింట్లలో కొన్నిటికి జిగురూ సరిగా అంటదు. అదే వినైల్ ముక్క ఒకటి అడిగి తెచ్చి, రెండు మూడు రోజులు అంటించి, లాగి చూడండి. లప్పం నాసిరకమైతే పెచ్చు ఊడేది అప్పుడే తెలుస్తుంది.

షాపులో మ్యాట్, రిమూవబుల్ రకం అడగండి. ఒరాకల్ బ్రాండ్‌లో 631 అలాంటిదే. అందులోనే మెరిసే 651 బోర్డులకు బాగుంటుంది కానీ గోడ మీద లైటు వెలుగు కొట్టి అక్షరం కనిపించదు, తీసేటప్పుడు పెయింటునూ లాగుతుంది.

తెలుగుకు అసలు చిక్కు ఫైలు దగ్గరే. యూనికోడ్‌లో టైప్ చేసింది షాపువాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒత్తులు చెదిరిపోతాయి. అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల ఆకారాలుగా, మార్చి ఇవ్వండి. ఆ తర్వాత వెల్డ్ చేయడం, అంటే ఒకదాని మీదొకటి ఎక్కిన ఆకారాలను ఒకటిగా కలపడం, మరవొద్దు. అక్షరం మీదికి ఒత్తు ఎక్కినచోట ప్లాటర్ (వినైల్ కోసే యంత్రం) రెండిటి అంచులనూ విడివిడిగా కోసేస్తుంది, 'సృష్టి' కాస్తా ముక్కలవుతుంది. గీత మందం 3 మి.మీ.కు తగ్గకూడదు, సన్నగా ఉంటే కాగితం తీసేటప్పుడు తెగుతుంది. 20 అడుగుల నుంచి చదవాలంటే అక్షరం ఎత్తు కనీసం 3 అంగుళాలు పెట్టండి. వరుసల మధ్య ఒత్తులకు చోటు వదలండి.

అంటించే రోజు:

1. ఫ్యాన్ ఆపి, గోడను పొడిగుడ్డతో తుడవండి. జిడ్డుంటే ముందురోజే తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి.
2. రసమట్టం పెట్టి పెన్సిల్‌తో పలుచగా గీత గీయండి. నేల, సీలింగ్ చూసి కొలిస్తే వంకర వస్తుంది, అవి సమంగా ఉండవు.
3. వెనక కాగితం తీయకుండానే స్టిక్కర్‌ను గీతకు ఆనించి, నడిమధ్యన నిలువుగా మాస్కింగ్ టేప్ వేయండి.
4. ఒక సగాన్ని టేప్ మీదికి మడిచి, వెనక కాగితం ఒలిచి కత్తిరించండి. స్క్వీజీతో (నొక్కడానికి వాడే ప్లాస్టిక్ పలక) మధ్య నుంచి అంచుకు నొక్కుతూ అంటించండి. ఇప్పుడు మాస్కింగ్ టేప్ తీసి రెండో సగమూ అలాగే. 4 అడుగులు దాటితే ఇద్దరుండాలి.
5. పైనున్న ట్రాన్స్‌ఫర్ టేప్‌ను (అక్షరాలను పట్టి ఉంచే పై పొర) గోడకు ఆనించినట్టే వెనక్కి మడుస్తూ మెల్లగా ఒలవండి. ఎదురుగా లాగితే అక్షరం దాంతోపాటే వస్తుంది. ఒత్తు లేస్తే ఆగి, మళ్లీ నొక్కి, అప్పుడు కదలండి.

బుడగ మిగిలితే సూదితో పొడిచి వేలితో అదమండి. సబ్బునీళ్లు చల్లి అంటించడం అద్దాలకే, గోడకు వద్దు. ఏసీ గాలి నేరుగా తగిలేచోట కూడా అంటించకండి.

తీసేయాలనుకున్నప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, ఒక మూల నుంచి వెనక్కి మడుస్తూ లాగండి. చాలాకాలం ఉన్నదైతే దాని కింద పెయింట్ రంగు తేడాగా కనిపిస్తుంది. ఆ గోడ మేరకు ఒక కోటింగ్ వేయించక తప్పదు.