పిల్లలకు వీలునామాలో గార్డియన్‌ను నియమించే విధానం

“మేమిద్దరం లేకపోతే పిల్లలెవరి దగ్గర ఉంటారు?” అని ఇంట్లో ఒకసారి కదిపి చూడండి. “అశుభం మాట్లాడకు, మేం లేమా?” అంటారు పెద్దవాళ్లు. ప్రేమతో అనే మాటే అది. కానీ తాతయ్య, మేనమామ ఇద్దరూ “పిల్లలు మా దగ్గరే ఉండాలి” అని పట్టుబడితే మీ మనసులో ఎవరున్నారో చెప్పడానికి అప్పుడు మీరుండరు. అందుకే రాసిపెట్టాలి.

హిందువులకు 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 9వ సెక్షన్ ఈ వీలు కల్పిస్తుంది. 18 ఏళ్లు నిండని పిల్లలకు వీలునామాలో గార్డియన్ పేరు రాయవచ్చు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు నియమాలు వేరు, వాళ్లు ముందే వకీలును కలవడం మంచిది.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. తండ్రి వీలునామా రాసి ముందే చనిపోతే, తల్లి బతికుండగా ఆ నియామకం చెల్లదు. ఆమే గార్డియన్. తర్వాత ఆమె ఎవరి పేరూ రాయకుండా పోతేనే తండ్రి రాసిన పేరు మళ్లీ అమల్లోకి వస్తుంది. ఆమె వేరే పేరు రాస్తే అదే నిలుస్తుంది. కాబట్టి భార్యాభర్తలు కూర్చుని ఒకే పేరు అనుకుని, ఎవరి వీలునామా వాళ్లు రాసుకోండి.

పేరు రాసేముందు ఆ మనిషిని అడగాలి. మేం మా చెల్లిని అడిగితే, “ఆయనతో మాట్లాడి చెబుతానక్కా” అని రెండు రోజులు తీసుకుంది. వెంటనే సరే అననందుకే నాకు ధైర్యం వచ్చింది. ఒకవేళ ఆ మనిషికి కుదరకపోతే ఇంకెవరు గార్డియన్‌గా ఉండాలో కూడా రాయండి.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మాది తెలుగులోనే రాయించాం. నా వీలునామాలో అసలు వాక్యం ఇది: “నేను మరణించేనాటికి నా భర్త జీవించి లేని పక్షంలో, నా మైనర్ కుమార్తె సంరక్షణకు, ఆమె ఆస్తికి నా చెల్లెలిని గార్డియన్‌గా నియమిస్తున్నాను.” కింద చెల్లి పూర్తి పేరు, భర్త పేరు, వయసు, చిరునామా రాశాం. స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదని ఒక షరతు కూడా పెట్టాం. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఇంకా పంచి విడదీయని పిల్లల వాటా మాత్రం ఈ నియామకం కిందికి రాదు.

మీరు సంతకం చేయడం ఇద్దరు సాక్షులు చూడాలి, వాళ్లూ మీ ఎదుటే సంతకం చేయాలి. గార్డియన్‌ను సాక్షిగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే తర్వాత “ఇది ఆమె సంతకం కాదు” అనే గొడవకు అవకాశం తగ్గుతుంది. ఆధార్, ఫొటోలు, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. మనసు మారితే కొత్తది రాసుకోవచ్చు.

వీలునామా లేకుండానే తల్లిదండ్రులు పోతే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టులో దరఖాస్తు వేయాలి. పిల్లలు మామూలుగా నివసించే ప్రాంతపు ఫ్యామిలీ కోర్టులో గానీ జిల్లా కోర్టులో గానీ వేస్తారు. పిల్లల పుట్టిన తేదీ, దగ్గరి బంధువుల వివరాలు, ఆస్తి ఎక్కడుంది, సుమారు విలువెంత అన్నవి అందులో రాయాలి. గార్డియన్‌గా ఉండటానికి ఒప్పుకుంటున్నట్టు ఆ మనిషి సంతకం చేసిన పత్రం, దాని మీద ఇద్దరు సాక్షుల సంతకాలు కూడా కావాలి. కోర్టు పిల్లల మేలు చూస్తుంది. కాస్త తెలివి వచ్చిన పిల్లలైతే వాళ్ల ఇష్టాన్నీ పరిగణిస్తుంది. వీలునామాతో వచ్చిన గార్డియన్ సరిగా చూడకపోయినా తొలగించే అధికారం కోర్టుకు ఉంది.

ఇన్సూరెన్స్ పాలసీలు కూడా ఒకసారి తీసి చూడండి. నామినీ మైనర్ అయితే డబ్బు అందుకోవడానికి అపాయింటీ పేరు ఇవ్వాలి. మాకు ఆ గడి ఖాళీగానే కనిపించింది. అక్కడా చెల్లి పేరే రాయించి, వీలునామా నకలు తనకిచ్చాం. అసలు ప్రతి ఏ బీరువాలో, ఏ ఫైల్లో ఉందో కూడా చూపించాం.